అమ్మని అసిస్టెడ్ లివింగ్‌లో చేర్చాలా? ముందు రాత్రి రెండు గంటల సంగతి తేల్చుకోండి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. అమ్మగారికి 78 ఏళ్లు, రిటైర్డ్ టీచరు, తెనాలిలో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. ఇరవై ఏళ్లుగా సుగరు, బీపీ. సంక్రాంతి ముందు బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. ఆ తర్వాత రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు. మీరు డల్లాస్‌లో, చెల్లెలు బెంగుళూరులో అత్తమామలతో. హైదరాబాద్ శివార్లలో ఒక అసిస్టెడ్ లివింగ్ (పెద్దవాళ్లకి రోజువారీ పనుల్లో సాయం చేసే నివాసం) చూశారు, 5 లక్షల డిపాజిట్, నెలకి 55,000. చెల్లెలు వద్దంటోంది. మేనమామ "ఆశ్రమంలో పడేస్తావా" అన్నారు. అమ్మగారు "మీ ఇష్టంరా" అన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. పద్నాలుగేళ్లు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేశాను. తర్వాత పదకొండేళ్లు హైదరాబాద్ బయట ఒక అసిస్టెడ్ లివింగ్‌లో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. రెండేళ్ల కిందట మానేసి, ఇప్పుడు ఇళ్లకి వెళ్లి పెద్దవాళ్లని చూస్తున్నాను. మా అత్తగారు మూడేళ్లు ఇలాంటి ఇంకో చోట ఉన్నారు. కాబట్టి అటు అమ్మేదాన్నీ కాదు, ఇటు శాపనార్థాలు పెట్టేదాన్నీ కాదు.

"మీ ఇష్టంరా" అన్న మాటని ఒప్పుకోలు కింద రాసుకోకండి. చేర్చిన రోజున కొడుకు కారెక్కేదాకా నవ్వుతూ నిలబడి, గేటు మూశాక నా వైపు తిరిగి "మరి పెరట్లో కరివేపాకు చెట్టుకి నీళ్లెవరు పోస్తారమ్మా" అని అడిగిన పెద్దావిడని నేను చూశాను. ఆవిడ కూడా ఇంట్లో "మీ ఇష్టం" అనే అని ఉంటారు. మీ అమ్మగారిని ఒంటరిగా కూర్చోబెట్టి "వెళ్తావా?" అని కాకుండా "అక్కడికెళ్తే నీకు ఏది పోతుందని భయం?" అని అడగండి. జవాబు ఇల్లు అని రాకపోవచ్చు. పక్కింటావిడ అనో, గుడి అనో, మధ్యాహ్నం తలుపు తీసుకుని బయట కూర్చునే అరుగు అనో వస్తుంది. అది తెలిస్తే సగం సంగతి తేలుతుంది.

ఇక పేర్ల గందరగోళం. వృద్ధాశ్రమం అంటే దిక్కులేని వాళ్ల కోసం ట్రస్టులు నడిపేది అని మీ మేనమామ మనసులో ఉంది. సీనియర్ లివింగ్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఫ్లాటు కొనుక్కునో అద్దెకి తీసుకునో ఉండేది. కోయంబత్తూరు, చెన్నై వైపు ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. కొనే ఫ్లాటైతే బిల్డర్లని అదుపు చేసే రెరా చట్టం కిందికి వస్తుంది. అసిస్టెడ్ లివింగ్ అంటే స్నానానికీ నడకకీ మందులకీ మనిషి సాయం దొరికేది. దాని పైన నర్సింగ్ కేర్, మంచం పట్టినవాళ్లకి, ముక్కులో ట్యూబు ఉన్నవాళ్లకి. మన దగ్గర ఈ మూడు నాలుగు రకాలకీ ఒకే రకం బోర్డులు కనిపిస్తాయి. 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోమ్‌లకి మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. జారని నేల, ఎమర్జెన్సీ బెల్లు, వీల్‌చెయిర్ పట్టే లిఫ్టు లాంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ అవి రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా మాత్రమే. అందుకని బోర్డు చూసి నమ్మకండి, లోపల ఏం చేస్తారో అడగండి.

మా పనిలో మనిషి అవసరాన్ని ఆరు పనులతో కొలుస్తాం. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి రావడం, ఒకటికీ రెంటికీ అదుపు ఉండటం, తన చేత్తో తినడం. 1963లో కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు బృందం రాసిపెట్టిన కొలత ఇది, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారు ఈ ఆరూ తనే చేసుకుంటున్నారు. ఆవిడకి తేడా వస్తున్నది ఇంకో జాబితాలో: పొయ్యి, మాత్రలు, బ్యాంకు, ఒంటరిగా బయటికి వెళ్లడం. అసిస్టెడ్ లివింగ్ వాళ్లు మీ దగ్గర 55,000 తీసుకునేది ప్రధానంగా ఆ ఆరు పనుల కోసం. ఆవిడకి ఇంకా అవసరం లేనిదానికి డబ్బు కట్టి, అవసరమైనదాన్ని మాత్రం అలాగే వదిలేసే ప్రమాదం ఉంది.

ఇది ఇంకా ముఖ్యం. పాలు మర్చిపోవడాన్ని అప్పుడే "మతిమరుపు మొదలైంది" అని ముద్ర వేయకండి. ఇరవై ఏళ్ల సుగరు అంటే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటూ ఉండాలి. అది బీ12 విటమిన్‌ని తగ్గించవచ్చు. పైగా శాకాహారులైతే మరీ. బీ12, థైరాయిడ్, సోడియం, యూరిన్ టెస్టు చేయించండి. ముసలివాళ్లలో యూరిన్ ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా, మంట లేకుండా, ఊరికే మాట తడబడటంగా బయటపడటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. చెవులు పరీక్ష చేయించండి. వినపడక జవాబివ్వని మనిషిని "మర్చిపోతోంది" అని అనుకుంటాం. బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి, మూడు నిమిషాలకి మళ్లీ ఒకసారి చూడమనండి. నిలబడితే పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గుతోందంటే, బాత్రూంలో జారింది నీళ్ల వల్ల కాక కళ్లు తిరగడం వల్ల అయి ఉండొచ్చు. రాత్రి నిద్రమాత్ర ఏదైనా వేసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి. పెద్దవాళ్లు ఈ సంగతి పిల్లలకి చెప్పరు. ఇంకోటి, ఆ వయసులో చిన్నగా జారితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. దానికి మందు మొదలుపెట్టకపోతే తర్వాత వంతు తుంటిది. అప్పుడు మనం మాట్లాడుకునే విషయమే వేరు.

ఇవన్నీ గుంటూరులోనో విజయవాడలోనో ఒక్క రోజులో అయ్యే పరీక్షలు. లక్షలు డిపాజిట్ కట్టే ముందు ఆ పని చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇలాంటి చోట్ల మంచేమిటి, చెడేమిటి.

మంచి చెప్పాలంటే నేను రాత్రితో మొదలుపెడతాను. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చేరిన పది రోజులకి "అమ్మాయ్, మా ఆయన పోయాక ఆరేళ్లకి ఇప్పుడు నిద్రపోయాను" అన్నారు. ఇంట్లో ఉన్నప్పుడు తలుపు గడియ పెట్టానా, సిలిండర్ కట్టేశానా, ఎవరైనా గోడ దూకితే ఎలా అని రాత్రంతా వింటూ పడుకునేవారట. పగలు పనిమనిషి, పాలవాడు, పక్కింటివాళ్లు ఉంటారు. రాత్రి రెండు గంటలకి కాలు మడతపడితే ఎవరు వస్తారన్నదే అసలు లెక్క. బెల్లు నొక్కితే రెండు నిమిషాల్లో మనిషి వచ్చే చోటు అయితే ఆ 55,000లో సగం దానికే ఇచ్చినా దండగ కాదు.

రెండోది మాత్రలు. ఎనిమిది రకాల మాత్రలు, మూడు పూటలా, ఎవరో ఒకరు చేతిలో పెట్టి మింగేదాకా చూస్తే సుగరు అంకెలు రెండు నెలల్లో దారికొస్తాయి. మూడోది మీకు తట్టి ఉండదు. ఇప్పుడు మీ ఫోన్ కాల్ ఎలా నడుస్తోంది? మాత్ర వేసుకున్నావా, తలుపు వేశావా, గ్యాస్ కట్టేశావా, అన్నం తిన్నావా. అది కొడుకు మాట్లాడే మాట కాదు, ఇన్‌స్పెక్షన్. ఆ ప్రశ్నలు అడిగే పని ఇంకొకరిది అయిపోయాక, మా దగ్గర తల్లులూ పిల్లలూ మళ్లీ ఊరి కబుర్లు చెప్పుకోవడం విన్నాను.

తోడు సంగతి మాత్రం మనిషిని బట్టి. నలుగురిలో కలిసే స్వభావం ఉంటే సాయంత్రం విష్ణు సహస్రనామం దగ్గర స్నేహాలు కలుస్తాయి. జీవితమంతా తన వంటింట్లో తానే రాణిగా బతికిన మనిషికి డైనింగ్ హాల్లో నలభై మంది మధ్య కూర్చోవడమే శిక్ష. టీచరుగా చేసినవాళ్లు సాధారణంగా కుదురుకుంటారు, పదిమందికీ ఉత్తరాలు చదివిపెట్టడం, పిల్లల ఫోన్లు కలిపివ్వడం లాంటి పని దొరుకుతుంది కాబట్టి.

చెడు వైపు వస్తే, జనం భయపడేది కొట్టడం, తిట్టడం, పట్టించుకోకపోవడం. అవి లేవనను. కానీ ఎక్కువమంది నలిగేది చిన్న చిన్న అధికారాలు పోవడం వల్ల. మా దగ్గర ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు. మా వంటవాడు చారులో చింతపండు తక్కువ వేస్తాడని ఆవిడ ఫిర్యాదు. వంటింట్లోకి వెళ్లి తనే పోపు వేస్తానంటే మేనేజర్ ఒప్పుకోడు, నిప్పు దగ్గరికి రానివ్వకూడదని రూలు. ఒకరోజు గది సర్దుతుంటే బీరువాలో చీరల కింద ఎలక్ట్రిక్ కెటిల్ బయటపడింది. రాత్రిళ్లు అందులో నీళ్లు కాచి చింతపండు, ఉప్పు, మిరియాలపొడి కలిపి తాగుతున్నారట. రూలు ప్రకారం దాన్ని తీసుకెళ్లాల్సింది నేనే, తీసుకెళ్లాను. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు మేనేజర్‌తో పోట్లాడి, పొద్దున్నా సాయంత్రం ఒక ఆయా పక్కనుండగా కెటిల్ వాడుకునేలా రాయించాను. ఆవిడ నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. భద్రత అంటే ఇదే, ఎంత కొంటే అంత పెత్తనం వదులుకోవాలి. మంచి చోటు అంటే ఆ బేరం ఆడనిచ్చే చోటు.

భాష గురించి ఎవరూ అడగరు, నేను అడగమంటాను. హైదరాబాద్‌లో ఇలాంటి చోట్ల పనిచేసే అమ్మాయిలు చాలామంది ఒడిశా, జార్ఖండ్, ఈశాన్యం నుంచి వస్తారు. ఓపిక ఉన్న పిల్లలు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ వాళ్లు మాట్లాడేది హిందీ. మీ అమ్మగారు ఏ భాషలో పాఠాలు చెప్పారో నాకు తెలీదు కానీ, "కడుపులో తిప్పుతోంది, గుండెల్లో మంటగా ఉంది, తల దిమ్ముగా ఉంది" అన్న మూడు మాటల తేడా హిందీలో ఎలా చెప్తారు? గుండెల్లో మంట అన్న మాట ఒక్కోసారి గుండెపోటే. మతి తప్పడం మొదలైతే చాలామందిలో ముందు పోయేవి తర్వాత నేర్చుకున్న భాషలే, ఎక్కువకాలం మిగిలేది తల్లి భాష. రాత్రి డ్యూటీలో తెలుగు వచ్చిన మనిషి ఒక్కరైనా ఉంటారా అని రాతపూర్వకంగా అడగండి.

చావు గురించి కూడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. అలాంటి చోట ఏడాదికి ఇంతమంది అని పోతూనే ఉంటారు. నిన్న పక్కన కూర్చుని ఇడ్లీ తిన్న మనిషి కుర్చీ ఇవాళ ఖాళీ. కొన్ని చోట్ల రాత్రికి రాత్రి వెనక గేటు నుంచి పంపేసి "హాస్పిటల్‌కి వెళ్లారు" అని చెప్తారు. ముసలివాళ్లకి అంతా తెలుసు. చెప్పి, అందరూ ఒకసారి చూసి దణ్ణం పెట్టుకునే వీలిచ్చే చోటు నయం.

మా అత్తగారి విషయంలో ఏమైందో చెప్పాలి. మంచి పేరున్న చోటే. నేను అదే వృత్తిలో ఉన్న మనిషిని, వారానికోసారి వెళ్లేదాన్ని. నాలుగు నెలల్లో ఆవిడ నీరసపడ్డారు, మలబద్ధకం, మాట నెమ్మదించింది. వయసు అన్నారు. ఒకరోజు పొద్దున ఏడింటికి చెప్పకుండా వెళ్లాను. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ ఒకే కప్పులో వేసి కాఫీతో ఇస్తున్నారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసి, కనీసం అరగంట ఆగాలి. కాల్షియంకి నాలుగు గంటలు దూరం ఉండాలి. మాత్ర రోజూ వేస్తున్నారు, చార్టులో టిక్కు పడుతోంది, ఒంటికి మాత్రం సరిగా అందడంలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆరింటి నుంచి ఏడున్నర లోపు ఇరవై రెండు మందికి మాత్రలు ఇవ్వాల్సిన అమ్మాయి ఒక్కతే. నేను పదకొండు గంటలకి వెళ్లినన్నాళ్లూ నాకు కనపడింది శుభ్రమైన దుప్పటి, నవ్వే రిసెప్షనిస్టు.

అందుకే చూడ్డానికి వెళ్లినప్పుడు వాళ్లు చెప్పిన టైముకి వెళ్లకండి. పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి. మీరు ఉన్నప్పుడు రెండు, మీరు లేనప్పుడు చెల్లెలు ఒకటి. గదులు చూడకండి, మనుషుల్ని చూడండి. మంచం మీదున్న వాళ్ల చేతికందే దూరంలో మంచినీళ్ల గ్లాసు ఉందా? గోళ్లు తీసి ఉన్నాయా? కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా? వినికిడి మిషన్ చెవిలో ఉందా, సొరుగులో ఉందా? వాసన మోసం చేయదు. మూత్రం వాసన ఒక గదిలో వస్తే ప్రమాదం కాదు, అది ఇప్పుడే జరిగింది. వరండా అంతా వస్తే అది అలవాటు. అంతకంటే అనుమానించాల్సింది వరండా అంతా ఫినాయిల్ వాసన రావడం.

మంచం పట్టినవాళ్లని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు, దానికి గోడకి ఒక చార్టు ఉంటుంది. అది చూపించమనండి. టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, రాత్రి పన్నెండూ రెండూ నాలుగూ ఆరూ చక్కగా వరసలో ఉంటే, పొద్దున డ్యూటీ దిగేముందు కూర్చుని ఒకేసారి వేసినవి. నిజంగా రాత్రి తిప్పిన చార్టు గలీజుగా ఉంటుంది. పెన్ను మారుతుంది, ఒకచోట 2.20 అని ఉంటుంది, ఇంకోచోట కొట్టివేత ఉంటుంది. మీ అమ్మగారికి ఇప్పుడు ఆ చార్టుతో పని లేకపోవచ్చు. కానీ ఆ చోటు నిజం చెప్తుందో లేదో దాంట్లో తెలిసిపోతుంది.

ఇంకో ప్రశ్న: రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లలో నర్సింగ్ చదివినవాళ్లు ఎవరు? "మా దగ్గర 24 గంటలూ స్టాఫ్ ఉంటారు" అన్నది జవాబు కాదు. అంకె చెప్పమనండి, ఎన్ని బెడ్లకో చెప్పమనండి. పాత ఆయాలు ఎన్నేళ్లుగా చేస్తున్నారో వాళ్లనే అడగండి. అందరూ ఆరు నెలల లోపువాళ్లే అయితే అక్కడ జీతాలు టైముకి రావడం లేదన్నమాట.

డబ్బు విషయం. అసిస్టెడ్ లివింగ్ రేటు గదిని బట్టి, సాయాన్ని బట్టి మారుతుంది.  మీకు చెప్పిన 55,000 మొదటి మెట్టు మాత్రమే. ఏటా పది శాతం పెంచుతామని అగ్రిమెంట్‌లో ఉంటే ఆరో ఏటికి నెలకి 88,000 దాటుతుంది. ఇప్పుడు నడిచే మనిషి రేపు వాకర్ మీదికొస్తే "కేర్ లెవెల్" మారుస్తారు, రేటు మారుతుంది. డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టరు విజిట్, హాస్పిటల్‌కి తోడెళ్లే మనిషి, ఇవన్నీ లోపలా బయటా? జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? రిజిస్టరైన ఛారిటబుల్ ట్రస్టులు నడిపేవాటికి నెలకి 25,000 వరకూ జీఎస్టీ మినహాయింపు ఉంది, ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు. అమ్మగారు నెలరోజులు హాస్పిటల్లోనో మీ చెల్లెలి ఇంట్లోనో ఉంటే ఆ నెల ఎంత కట్టాలి? డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది, ఏమేం కోసుకుంటారు? కేర్ లెవెల్ పెంచేది ఎవరు, వాళ్ల నర్సేనా, మీ డాక్టరు కూడా చూడాలా? ఆఖరి ప్రశ్న దగ్గర చాలామంది మేనేజర్లు నీళ్లు నములుతారు.

ఆరోగ్య బీమా ఈ నెలనెలా ఖర్చుకి పైసా ఇవ్వదు, హాస్పిటల్లో చేరితేనే దాని పని. 70 దాటినవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డూ అంతే, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి, ఉండటానికి కాదు. అమ్మగారు గవర్నమెంటు టీచరుగా చేసి ఉంటే ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఇచ్చే ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది. ఆంధ్రాలో తీసుకున్న ఆ కార్డు, ఆ శివారుకి దగ్గర్లో ఏ హాస్పిటల్లో చెల్లుతుందో ముందే కనుక్కోండి. అంబులెన్సు ఎక్కాక కాదు.

కాగితాల్లో ఒకటి ఆలస్యం చేయకూడనిది. అమ్మగారు మీకు గానీ చెల్లెలికి గానీ బ్యాంకు పనులకి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారనుకోండి. రేపు ఆవిడకి మతి పూర్తిగా తప్పితే మన కాంట్రాక్టు చట్టం 201 సెక్షన్ ప్రకారం అది చెల్లదు. అంటే మీకు దానితో ఎక్కువ అవసరం పడే రోజునే అది పనికిరాదు. అప్పుడు గార్డియన్‌గా నియమించమని కోర్టుకి వెళ్లాలి. అందుకని ఖాతా జాయింటు చేయడం, నామినీలు, ఫిక్సెడ్ డిపాజిట్ల సంగతి ఇప్పుడే ఆవిడ చేత్తోనే చేయించండి. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నదాని మీద ముందే రాసిపెట్టుకునే హక్కు 2018లో సుప్రీంకోర్టు ఇచ్చింది. 2023లో ఆ పద్ధతి తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. ఇది మీరు అడిగితే అమంగళం అనుకుంటారేమో. డాక్టరు చేత అడిగించండి.

ఇల్లు అమ్మకండి. ఏడాది దాకా అద్దెకి కూడా ఇవ్వకండి. నేను చూసినవాళ్లలో తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, వెళ్లడానికి ఇల్లు లేక ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. రెండో రకం వాళ్ల మొహం చూస్తే తెలుస్తుంది. ఒకవేళ ఆవిడ ఇల్లు మీ పేరో చెల్లెలి పేరో రాస్తానంటే, తనని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ దస్తావేజు రద్దు చేయగలదు. కొడుకుకే ఈ సలహా ఇస్తున్నానేమిటి అనుకోకండి. మీరు అడిగారు కాబట్టి మీరు మంచివారే, కాగితం మాత్రం అందరికీ ఒకేలా ఉండాలి.

ఇంట్లోనే ఉంచి మనిషిని పెట్టడం తేలికనీ అనుకోవద్దు. బ్యూరో నుంచి వచ్చే ఆయా పండగకి ఊరెళ్తే నాలుగు రోజులు రాదు, ఫోన్ ఎత్తదు. 24 గంటల మనిషి అంటే తనూ రాత్రి నిద్రపోతుంది. పైన అజమాయిషీ చేసేవాళ్లు లేకపోతే టీవీ ముందు ఇద్దరూ కూర్చుంటారు, ఒంట్లో కదలిక పోతుంది. అయినా మీ అమ్మగారి విషయంలో ఇప్పటికి నేను దీనికే ఓటు వేస్తాను. తెనాలి లాంటి ఊళ్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు వీధికొకరు ఉంటారు. పగలు వంటకి, మాత్రలకి ఒక మనిషి, రాత్రి పడుకోవడానికి తెలిసిన ఇంకో మనిషి. బాత్రూంలో గోడకి పట్టుకునే రాడ్లు, జారని టైల్స్, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి వెలిగే చిన్న లైట్లు. గ్యాస్ పొయ్యికి టైమరు పెట్టించండి, లేదా పాలు ఇండక్షన్ మీదికి మార్చండి.

అసిస్టెడ్ లివింగ్‌కి సరైన సమయం ఒకటి ఉంటుంది, అది ఇరుకైనది. పైన చెప్పిన ఆరు పనుల్లో రెండింటికి సాయం అవసరమైనప్పుడు, కానీ కొత్త దారి, కొత్త మొహాలు గుర్తుపెట్టుకునే శక్తి ఇంకా ఉన్నప్పుడు. మనవాళ్లు తొంభై శాతం, అంటే నా లెక్కలో, తుంటి విరిగాకో, మతి పూర్తిగా చెదిరాకో తెస్తారు. అప్పుడు కొత్త చోటు ప్రతి పొద్దునా కొత్తగానే ఉంటుంది, సాయంత్రం అయ్యేసరికి "నన్ను ఇంటికి పంపండి" అని గేటు దగ్గర నిలబడతారు. అలాంటి వాళ్లకి మామూలు అసిస్టెడ్ లివింగ్ సరిపోదు, డిమెన్షియా చూడటం నేర్చిన చోటు కావాలి. అల్జీమర్స్ సొసైటీ అయిన ఏఆర్‌డీఎస్ఐకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, ఆ దశ వస్తే ముందు వాళ్లతో మాట్లాడండి.

కాబట్టి ఆ సమయం వచ్చేసరికి ఆ చోటు ఆవిడకి పరిచయం అయి ఉండాలి. చాలా చోట్ల నెల రోజులకి తాత్కాలికంగా చేర్చుకుంటారు. డిపాజిట్ లేకుండా ఒక నెల ఉంచండి. మీరు డిసెంబర్లో మూడు వారాలు వస్తున్నారని రాశారు. దయచేసి ఆ మూడు వారాల చివర చేర్చి ఫ్లైట్ ఎక్కకండి. అలా చేర్చిన తల్లులకి ఆ గది అంటే కొడుకు వెళ్లిపోయిన గది అన్నట్టే ఉండిపోతుంది. మొదటి వారం పరీక్షలు, రెండో వారం బాత్రూం పని, మూడో వారం ఆవిడని వెంటబెట్టుకుని రెండు చోట్లు చూడటం. ఆవిడనే అక్కడివాళ్లతో మాట్లాడనివ్వండి, మీరు కారు దగ్గర నిలబడండి. నెల రోజుల ట్రయలు ఫిబ్రవరిలో పెట్టుకోండి, చెల్లెలు మొదటి వారం హైదరాబాద్‌లోనే ఉండి రోజూ వచ్చి పోయేలా. కొన్ని చోట్ల "అలవాటు పడేదాకా పది రోజులు ఫోన్ చేయకండి" అంటారు. నేను ఒప్పుకోను. రోజూ ఒకే టైముకి చేయండి, ఏడిస్తే ఏడవనివ్వండి, ఫోన్ పెట్టేయకండి. వెళ్లేటప్పుడు ఆవిడ దిండు, ఆవిడ స్టీలు గ్లాసు, ఆవకాయ సీసా పంపండి. సీసా వద్దంటే ఆ చోటు వద్దు.

చెల్లెలితో గొడవపడకండి. తను వద్దన్నది ఆ చోటుని కాదేమో, తనని అడక్కుండా మీరు చూసి రావడాన్ని.

ఇవన్నీ డిసెంబరు దాకా ఆగుతాయి, ఒక్కటి ఆగదు. ఇవాళ అమ్మగారి బీపీ మాత్ర స్ట్రిప్ ఫోటో తీయించి చూడండి. పేరు చివర హెచ్ అన్న అక్షరం ఉంటే అందులో నీరు తీసే మందు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లలో సోడియం పడిపోవడానికీ, తడబాటుకీ, లేవగానే కళ్లు తిరగడానికీ నేను ఎక్కువగా చూసిన కారణాల్లో అదొకటి. మీరుగా ఆపకండి, డాక్టరుకి చూపించి సోడియం టెస్టు ఈ వారమే చేయించండి. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.